కొంగుముడి నీడలో గామా మెరుపు

అది 2008. మిరపకోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. చిలకలూరిపేట దగ్గర మా ఊళ్లో ఏ డాబా చూసినా ఎర్రగా ఉంది. మా తమ్ముడు శ్రీధర్ పెళ్లి సింగరాయకొండలో జరిగింది. మర్నాడు పొద్దున కొత్త జంట మా ఇంటికి రావాలి. ఆడపడుచుగా నేను గుమ్మానికి అడ్డం నిలబడి, ఒకరి పేరు ఒకరిచేత చెప్పించాకే వాళ్లు గడప దాటాలి. ఆ సరదా కోసం నేను ఎన్నాళ్లనుంచో కాచుకుని ఉన్నాను.

నా ఉద్యోగం బెంగళూరులో. గామా కిరణాలను పసిగట్టే ఒక అంతరిక్ష టెలిస్కోపు బృందంలో సైంటిస్టుని. ఎక్కడో కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఒక్కసారిగా గామా కిరణాలు చిమ్ముతాయి. దాన్ని బరస్ట్ అంటాం. టెలిస్కోపు దాన్ని పట్టుకోగానే డ్యూటీలో ఉన్నవాళ్ల సెల్‌ఫోనుకు మెసేజ్ వస్తుంది. అది ఏ రకమో కొలిచి అందరికీ చెప్పాల్సింది వాళ్లే. మామూలుగా రెండు సెకన్లలోపు ముగిస్తే షార్ట్, మించితే లాంగ్. పెద్ద నక్షత్రం కూలినప్పుడు లాంగ్ వస్తుంది. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొంటే షార్ట్ వస్తుందని అప్పటికి మా అందరి అనుమానం. అది తేలాలంటే షార్ట్ బరస్ట్ తర్వాత మిగిలే మసక వెలుగును పట్టుకుని, అది ఎలాంటి గెలాక్సీలో ఉందో చూడాలి. ఆ వెలుగు గంటల్లో మాయమైపోతుంది.

ఆ వారం డ్యూటీ నాది. అదీ మొదటిసారి. పెళ్లింట్లో ఈ ఆఫీసు గోలేమిటని తిడతారేమోనని ఎవరికీ చెప్పలేదు.

పెళ్లికారు వాకిట్లో ఆగడం, నా ఫోను మోగడం ఒకేసారి జరిగాయి. హారతి పళ్లెం నాయనమ్మ చేతిలో పెట్టి, ల్యాప్‌టాప్ తీసుకుని బయటి మెట్ల మీదుగా డాబా ఎక్కేశాను. డేటా కార్డుకు సిగ్నల్ అందేది అక్కడే.

"ఏమే, జంటని ఎండలో నిలబెట్టి మిరపకాయలకి కాపలా పోయావా?" కింద నుంచి నాయనమ్మ కేకేసింది.

"మీరు లోపలికి తీసుకెళ్లండి నాయనమ్మా!"

"ఆడపడుచు అడ్డుకోకుండా ఎట్టా తీసుకెళ్తామే? దిగు ముందు!"

బరస్ట్ వెలుగు క్షణక్షణానికి ఎలా మారిందో చూపే గ్రాఫును లైట్ కర్వ్ అంటాం. అది తెరిచాను. ఎండకు తెరమీద నా మొహం తప్ప ఏమీ కనపడలేదు. దానికి తోడు మిరప ఘాటుకు తుమ్ముల మీద తుమ్ములు. కళ్లు చికిలించి చూస్తే, కంప్యూటరు తనంతట తాను లెక్కగట్టి లాంగ్ అని తేల్చేసింది. నాకు మాత్రం మొదట సూదిలాంటి ఒక పోటు, దాని వెనక సన్నగా సాగిన తోక ఉన్నట్టనిపించింది. తోకను కూడా కలిపి కొలిచిందేమో.

దక్షిణ అమెరికా కొండల మీద ఒక పెద్ద టెలిస్కోపువాళ్లు నా మాట కోసం చూస్తున్నారు. షార్ట్ అంటే టెలిస్కోపును ఆ బరస్ట్ వైపు తిప్పుతారు. లాంగ్ అంటే తమ పని తాము చూసుకుంటారు. అక్కడ అప్పటికే అర్ధరాత్రి దాటింది, తెల్లవారితే ఇక చూడలేరు. నా మాట తప్పయితే వాళ్ల రాత్రి వృథా. చెప్పకుండా కూర్చుంటే ఆ వెలుగు మళ్లీ దొరకదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"అక్కా, ఎవరికైనా బాగాలేదా?" శ్రీధర్ గొంతులో కంగారు.

ఇక దాచలేక పిట్టగోడ మీంచి వంగి సంగతంతా అరిచి చెప్పాను.

"వదినగారూ, తెరకి నీడ ఉంటే చాలా?" అంది కొత్త పెళ్లికూతురు లావణ్య.

"అప్పుడే గడప దాటకూడదమ్మా!" నాయనమ్మ అడ్డుపడింది.

"మెట్లు బయటే ఉన్నాయి కదండీ మామ్మగారూ!"

నాయనమ్మ మెట్లకేసి చూసి, "అదీ నిజమేలే, ఎక్కండి" అంది.

కొంగుముడి విప్పకుండానే ఇద్దరూ డాబా ఎక్కారు. ఆ అమ్మాయి చీర కొంగు, వీడి కండువా చెరోపక్క ఎత్తి పట్టుకుని నా నెత్తిన పందిరి వేశారు. ముడి సరిగ్గా నా పాపిట మీదికి వేలాడుతోంది. తెర స్పష్టంగా కనిపించింది. ఎక్కువ శక్తి ఉన్న కిరణాలను, తక్కువ శక్తి ఉన్నవాటిని విడదీసి రెండు గ్రాఫులు గీశాను. లాంగ్ అయితే తక్కువ శక్తివి సాధారణంగా కాస్త ఆలస్యంగా వస్తాయి. ఆ ఆలస్యాన్ని లాగ్ అంటాం. ఒకదానిమీద ఒకటి పెట్టి చూస్తే రెండు పోట్లూ అతికినట్టు సరిపోయాయి.

"లాగ్ లేదు!" అని అరిచాను.

"అంటే మంచిదా చెడ్డదా అక్కా?" తుమ్ముల మధ్య అడిగాడు శ్రీధర్.

"షార్టేరా! తోక ఉన్నా షార్టే!"

ఆ మాటే రాసి పంపించేశాను. కిందికి దిగి గుమ్మానికి అడ్డం నిలబడితే, "శ్రీధర్‌గారూ, నేనూ వచ్చామండీ" అని లావణ్య గట్టిగా చెప్పింది. సిగ్గుతో నీళ్లు నమిలింది మావాడే.

మధ్యాహ్నం భోజనాల బంతిలో ఉండగా జవాబు వచ్చింది. మసక వెలుగు దొరికింది. అదీ కొత్త నక్షత్రాలు పుట్టడం ఎప్పుడో మానేసినట్టున్న ఒక ముసలి గెలాక్సీ అంచున. కూలడానికి పెద్ద నక్షత్రాలే లేని చోట! మా అనుమానానికి బలం వచ్చింది. విస్తరి ముందు నుంచి లేచి నిలబడి చదివి వినిపించాను. ఎవరికెంత అర్థమైందో గానీ, ఎంగిలి చేతులతో చప్పట్లు కొట్టలేక బంతి బంతంతా కేకలు వేసింది. అంత సంతోషం నా ఉద్యోగంలో మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

యంత్రం చెప్పిన అంకె దగ్గర ఆగిపోకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. ఇప్పుడు డ్యూటీ పడితే, దేనికోసం కాచుకుని ఉన్నానో చుట్టూ ఉన్నవాళ్లకు ముందే చెప్పేస్తాను. చెబితే ఎవరో ఒకరు మెట్లెక్కి వస్తారు.