కాళ్ల మీద పోసిన నీళ్లు

డిప్లొమా చివరి ఏడాది చైత్రంలో, మిత్రుడు నర్సింహతో కలిసి లింగాల దగ్గర నల్లమల లోయలోని గుడికి నడిచి వెళ్లాను. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, గ్లూకోజు, నిమ్మకాయలు సర్దాను. పొద్దుటి చల్లదనాన్ని బట్టి వేసిన లెక్క అది. మొక్కు ఉండటంతో నర్సింహ చెప్పులు వేసుకోలేదు. మధ్యాహ్నం తిరిగి కొండెక్కేటప్పుడు బండలు పెనంలా కాలాయి.

“అరికాళ్లు మండుతున్నయ్ రా, జర నీళ్లు పొయ్యి,” అన్నాడు.

మిగిలిన నీళ్లన్నీ పాదాల మీదే పోశాను. కాసేపటికి చెమట ఆగి, మాట తడబడి కూలబడ్డాడు.

ఎదురొచ్చిన చెంచు పెద్దాయన తన సొరబుర్రలోని నీళ్లు అతని పెదాలకు ఆనించాడు. “కాళ్లకెందుకు పోస్తివి బిడ్డా, నోట్లె పొయ్యాలె గద,” అన్నాడు. నర్సింహ మింగలేకపోయాడు. మేమిద్దరం మోసుకుంటూ పైకి చేరేలోపే అతని ప్రాణం పోయింది.

వాళ్లమ్మ నన్ను ఒక్కటే అడిగింది: “నీళ్లన్న తాగిండా కొడుకా?”

“తాగిండమ్మా,” అన్నాను.

అది అబద్ధమని ఇప్పుడే మొదటిసారి ఒప్పుకుంటున్నాను.