కోదాడకు పర్మిషన్

మా బర్మా అత్త పోయింది. నేను టీచరుగా ఉన్న చివ్వెంలలో బడి వదిలే వేళకు మిర్యాలగూడ నుంచి అమ్మ ఫోన్ చేసిందని హెడ్మాస్టరు చెప్తే, ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి తిరిగి చేశాను. "అత్త సచ్చిపోయింది బిడ్డా, జల్ది రా" అని ఏడ్చి, అమ్మ వెంటనే అడిగింది. "పోలీసోళ్లకు సెప్పాల్నా, వద్దా?"

ఇంట్లో మనిషి పోతే చుట్టాలు గుర్తొస్తారు, చాకలి గుర్తొస్తాడు. మా అమ్మకు పోలీసులు గుర్తొచ్చారు. అమాయకురాలైన అత్తకు ఈ గతి ఎందుకు పట్టిందో చెప్పుకోకపోతే నా కడుపు మంట చల్లారదు.

ఆమె మాకు రక్తసంబంధం కాదు. రైస్ మిల్లు వెనక మా ఇంటికి ఆనుకొని ఉన్న గదిలో కిరాయికి ఉండేది. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి బర్మాకు కూలికి పోయిన కుటుంబం. అత్త, ఆమె చెల్లెలు అక్కడే పుట్టారు. మనవాళ్ళను అక్కడి నుంచి వెళ్ళగొడుతున్న రోజుల్లో చెల్లెలు కాగితాలతో ఓడెక్కి వచ్చి కోదాడలో స్థిరపడింది. అత్త భర్తది వడ్ల మిల్లులో బాయిలర్ పని. కాస్త జీతం చేతికొచ్చాక పోదాంలే అనుకున్నారు. ఆ తర్వాత ఓడలు ఆగిపోయాయి. చాలా ఏళ్ళకు ఇద్దరూ మణిపూర్ వైపు కొండలు దాటి, నడిచి వచ్చారు. మిల్లుల ఊరని విని మిర్యాలగూడ చేరారు. ఏడాది తిరగకుండానే ఆయన పోయాడు.

అత్త హమాలీలకు చేపల పులుసులో శనగపిండి కలిపి, సేమ్యా వేసి అమ్మేది. మొదట్లో ముక్కు మూసుకున్నవాళ్ళే తర్వాత గిన్నె నాకేవారు. ఎవరికి ఏది ఇచ్చినా కుడిచేత్తో ఇస్తూ, ఎడమచేత్తో మోచెయ్యి పట్టుకునేది. అది అక్కడి మర్యాదట. ఎవరింట్లో బిడ్డ పుట్టినా "ఏ వారం?" అని అడిగేది. బర్మాలో బుధవారాలు రెండట, పొద్దుటిది వేరు, మధ్యాహ్నానిది వేరు. నేను పుట్టింది మధ్యాహ్నం బుధవారం. ఎవరితోనైనా గొడవ పెట్టుకొని ఇంటికొస్తే, "నీ కోపం నీది కాదులే అమ్మా, ఆ బుదారానిది" అని నవ్వేది. ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నది ఆ బుధవారం కోపంతోనే అనుకోండి.

నేను డిగ్రీలో ఉండగా పౌరసత్వం అడుగుదామని ఒక ఆఫీసుకు పోయింది. చదువుకున్నదాన్నని నన్ను తోడు తీసుకుపోయింది. ఇండియా మనిషివనడానికి ఏముందని అడిగాడు ఆఫీసరు. అత్త చాలా ధీమాగా సంచిలోంచి బర్మా కార్డు తీసి, మోచెయ్యి పట్టుకొని అందించింది. అది అక్కడ పరదేశీలకిచ్చే కార్డు. జాతి ఇండియా అని అందులోనే ఉంది. దానికంటే గట్టి సాక్ష్యం ఇంకేముంటుందని ఆమె నమ్మకం.

"బర్మా సర్కారు కార్డు. అంటే నువ్వు బర్మా మనిషివే గద" అన్నాడాయన.

"కాదు బాబూ. మీరు మావోల్లు కారని ఆల్లే రాసిచ్చినారు."

"మరి మావోళ్లని ఎవరు రాసిచ్చిండ్రు?"

గదిలో అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది, పెద్దమనిషి ఏదో సరదాకి అన్నాడనుకొని. అక్కడ పరాయిదానివని ఇచ్చిన కార్డే ఇక్కడ పరాయిదానివనడానికి పనికొచ్చింది. పౌరసత్వం అడగబోయిన మనిషి విదేశీయురాలిగా నమోదై తిరిగొచ్చింది. ఇక పోలీసుల పర్మిషన్ లేకుండా ఊరు దాటకూడదు. చెల్లెలున్న కోదాడ బస్సులో పోయేంత దూరమే, అయినా అడిగే పోవాలి. ఒక్క తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకతె ఓటు వేస్తుంది, ఇంకొకతె స్టేషన్లో హాజరు వేయించుకుంటుంది. ఈ న్యాయం ఏ పుస్తకంలో ఉందో నేను ఇప్పటిదాకా చదవలేదు.

తర్వాత చెల్లెలికి పక్షవాతం వచ్చింది. అక్కను చూడాలంటున్నదని కోదాడ నుంచి మనిషి వచ్చాడు. అత్త స్టేషనుకు పోతే సారు బందోబస్తుకు పోయాడన్నారు. మర్నాడు పెద్దసారు సంతకం కావాలన్నారు. అమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"కొంగు కప్పుకొని బస్సెక్కు వదినె. నీ మొకం మీద రాసుందా ఏంది? ఎవ్వలు సూస్తరు?"

"ఒద్దొదినా. ఆ దేసం దొంగలాగ దాటినాను. ఇది నా దేసం. అడిగే ఎల్తాను."

రోజూ పొద్దున్నే పోయి స్టేషన్ వరండాలో కూర్చునేది. కాగితం వచ్చేసరికి కోదాడలో దహనం కూడా అయిపోయింది. కానిస్టేబుల్ ఇంటికే తెచ్చిచ్చాడు. "ఇగో, అయింది. ఇగ పొయ్యిరా" అన్నాడు. అత్త ఎప్పటిలాగే మోచెయ్యి పట్టుకొని అందుకుంది. ఆ మర్యాద చూసి నాకు ఏడుపొచ్చింది. "ఇప్పుడెల్లి ఏటి సూత్తాను?" అని ఆమె లోపలికి పోయి పొయ్యి వెలిగించుకుంది. మళ్ళీ కోదాడ పేరెత్తలేదు. సూర్యాపేటలో నా పెళ్ళికి రమ్మంటే కూడా, "ఆల్లని అడగలేనమ్మా, నువ్వే నా కాడికి రా" అన్నది. పెళ్ళిబట్టలతోనే వెళ్ళి దండం పెట్టుకొని వచ్చాను.

పోలీసులకు చెప్పొద్దని ఆరోజు ఫోన్లో అమ్మతో గట్టిగా అన్నాను. హమాలీలే పాడె కట్టారు, వాళ్ళే మోశారు. అస్థికలు అమ్మా నేనూ సాగర్ ఎడమ కాలువలో కలిపాం.

నేను సూర్యాపేటలోని మా ఇంటికి తిరిగి పోకముందే కానిస్టేబుల్ సైకిలు మీద వచ్చాడు, అత్త ఊళ్ళోనే ఉందో లేదో చూసుకోవడానికి నెలనెలా వచ్చినట్టే. అత్త పోయిందని అమ్మ చెప్పింది. అతను అయ్యో అన్నాడు, చెడ్డవాడేం కాదు. కానీ వెంటనే జేబులోంచి పెన్ను తీశాడు.

"ఫైలు బందు చెయ్యాలమ్మా. ఆఖరిదాంక మా ఇలాకాల్నే ఉన్నదని రాయాలె. బూడిద ఏడ కలిపిన్రు?"

అమ్మ చెప్పులేసుకొని ముందు నడిచింది. అతను సైకిలు నెట్టుకుంటూ వెనక, అతని వెనక నేను. కాలువ నిండుగా పారుతోంది. గట్టు మీద నిలబడి అమ్మ నీళ్ళు పోయే వైపు చెయ్యి చాపింది.

"గీడ కలిపినం. ఈ నీళ్లు కోదాడ దిక్కు పోతయి. గిప్పటికి మీ ఇలాకా దాటి ఉంటది. ఎవ్వల్నీ అడగలే. రాసుకో."

అతను రాసుకోలేదు. పెన్ను జేబులో పెట్టుకొని, అమ్మ చూపించిన వైపే చూశాడు.