చెల్లెలి పథ్యం

ఎక్కడైనా బార్లీ గంజి కాగుతున్న వాసన వస్తే మా చెల్లెలు మస్తానమ్మ గుర్తొస్తుంది. మాది పర్చూరు దగ్గర పల్లె. నాన్న దూది ఏకేవాడు. చెల్లికి లివరు జబ్బు. ఐదేళ్లొచ్చినా మూడేళ్ల పిల్లలాగే ఉండేది. కాళ్లూ చేతులూ పుల్లల్లా, పొట్ట మాత్రం ఉబ్బిపోయి ఉండేది. నెయ్యి, నూనె, పప్పు, కారం ఏవీ పెట్టొద్దన్నారు. మేం అన్నం తింటుంటే అది గంజి గ్లాసు పట్టుకుని మా చేతుల వంకే చూసేది.

ఒకరోజు అమ్మా నాన్నా దాన్ని గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, సాయంత్రానికి తిరిగొచ్చారు.

"డాక్టరుగారు ఏమన్నారే?" అంది నాయనమ్మ.

"ఇకనించి అది ఏదడిగితే అది పెట్టమన్నారత్తా," అంది అమ్మ.

నేను ఎగిరి గంతేశాను. "చెల్లికి తగ్గిపోయిందోచ్!" అని వీధంతా చెప్పొచ్చాను. ఇంట్లో ఎవరూ కాదనలేదు.

అమ్మ ఎదురింటి నుంచి నెయ్యి తెచ్చి, వేడన్నంలో పండుమిరప పచ్చడి కలిపి ముద్దలు చేసింది.

"ఇంకొంచెం నెయ్యెయ్యమ్మా," అంది చెల్లి.

అమ్మ గిన్నె మొత్తం వంచేసింది. కానీ రెండో ముద్దకే చెల్లి కడుపు నిండిపోయింది. మూడోది చేతిలో పట్టుకుని, తినలేక ఏడ్చింది.

ఆ ఏడు మిరప కోతలు అయ్యేలోపే అది పోయింది.

లివరు జబ్బున్న పిల్లలకు మిగతా పిల్లలకంటే ఎక్కువే తిండి పెట్టాలని ఇప్పటి డాక్టర్లు అంటున్నారు. ఈ మాట వినకుండానే అమ్మ వెళ్లిపోయింది. అదే నయమనిపిస్తుంది.