డైరీలో లేని మూడు వారాలు

నా చిన్నప్పుడు బహ్రెయిన్‌లో జరిగిన ఈ సంగతిలో రుజువైనదేదో, వినికిడి ఏదో ముందే వేరుచేస్తాను. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో ఒక ప్రెస్బిటేరియన్ పాస్టర్ ఉండేవాడు. తరువాత ఒక విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడయ్యాడు. ఆయన కూతురు పసితనంలోనే చనిపోయింది. ఇంతవరకు ఆ విశ్వవిద్యాలయం రికార్డుల్లో సరిచూశాను. ఉదయం బిడ్డను పూడ్చిపెట్టి, మధ్యాహ్నం కంటతడి లేకుండా పాఠం చెప్పాడన్నది మాత్రం వినికిడి.

ఆ కథను మా ఇంటికి తెచ్చింది మా చర్చి సంఘ పెద్ద. పది నెలల మా చెల్లి జ్వరంతో పోయిన వారమది. శుక్రవారం సెలవు కాబట్టి తెలుగువాళ్లంతా ప్రార్థనకు మా ఇంట్లోనే చేరేవారు. విశ్వాసమంటే అలా ఉండాలని, అమ్మను చూస్తూ ఆయన కథ ముగించాడు. ఆయన ఉద్దేశాన్ని నేను శంకించను. కానీ ఆ రోజు నుంచి అమ్మ ఏడవలేదు. అన్నం ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకునేది. ఈమె కూడా దక్కదేమోనని మీనా సల్మాన్ ఓడరేవు వర్క్‌షాపులో పనిచేసే నాన్న డ్యూటీ మానేసి పక్కనే కూర్చున్నాడు.

పక్కింటి అక్క ఆసుపత్రిలో నర్సు, గుంటూరు మనిషి. మాలో లావుపాటి ఇంగ్లీషు పుస్తకం చదవగలిగింది ఆమె ఒక్కతే. మరుసటి శుక్రవారం ఎక్కడో సంపాదించిన ఆ పాస్టర్ జీవితచరిత్రతో వచ్చింది.

“ఏడవలేదని ఇందులో ఎక్కడా లేదండీ అయ్యగారూ. పిల్లను పూడ్చాక మూడు వారాలు డైరీలో ఒక్క ముక్క రాయలేదంట. రాయకపోతే ఏడవనట్టేనా?”

పుస్తకాలు చదివితే పెరగాల్సింది విశ్వాసం గాని నోరు కాదని సంఘ పెద్ద దెప్పాడు. ఈ నోరుండబట్టే రోగులు మందులు మింగుతున్నారని అక్క అంది. ఎవరో నవ్వి, వెంటనే ఆపుకున్నారు. అక్క వెళ్లి మా అమ్మ మంచం మీద కూర్చుంది.

“ఏడు వదినా. అంతటాయనకే మూడు వారాలు పట్టింది.”

అప్పుడు అమ్మ ఏడ్చిన ఏడుపు లాంటిది నేను మళ్లీ వినలేదు. సాయంత్రం సగం గ్లాసు గంజి తాగింది.

ఆధారం కనబడకపోవడం, జరగకపోవడం ఒకటి కావని తరువాత ప్రయోగశాలల్లో పిల్లలకు నేర్పాను. నేను నేర్చుకున్నది మాత్రం ఆ మంచం దగ్గర.

ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఆ మూడు వారాలు నిజంగా పుస్తకంలో ఉన్నాయా, లేక అక్క అప్పటికప్పుడు కల్పించిందా? ఆ పేజీని ఆమె తప్ప ఎవరూ చదవలేదు. ఆమె ఇప్పుడు లేదు. పుస్తకం ప్రతి ఎక్కడుందో నాకు తెలుసు. అయినా తెరవలేదు. తొంభై దాటిన అమ్మ ఇక్కడే, బహ్రెయిన్‌లోని అరాద్‌లో, నాతో ఉంటోంది. తెరిచి చూశాక ఆమె అడిగితే అబద్ధం చెప్పడం నాకు చేతకాదు.