చెప్పకుండా దిగిపోయినవాడు

బావ తన డీజిల్ కారు అమ్మిన రోజున నేను పక్కనే ఉన్నాను. కొన్నవాడు తాళం చెవి తీసుకుని, బానెట్ మీద చెయ్యి పెట్టి కళ్ళకద్దుకుని బయల్దేరాడు. "అమ్మకు బావా, కొన్నాళ్ళు ఆగు" అన్న మాట అప్పటికి వారం రోజులుగా నా గొంతులోనే ఉంది. అనలేదు. తరవాత బావే సూటిగా అడిగినప్పుడు నాకేమీ తెలియదన్నాను. బావ ఆశకు పోయి చెడ్డాడని మా బంధువులు ఈనాటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదు. అసలు సంగతి ఇది.

బావంటే మా అక్క భర్త. మా వైపు అక్క మొగుడూ బామ్మర్దీ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. మాది వ్యవసాయం చేసుకునే కుటుంబం. నేను ముందు ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటరుగా చేరి ఉక్కునగరం క్వార్టర్లో కాపురం పెట్టాను. తరవాత అక్కా బావా పక్కనే ఉన్న కూర్మన్నపాలెం వచ్చారు. బావ సొంత కారు తిప్పేవాడు. పొద్దున్నే ఇక్కడి ఉద్యోగస్తులను ఎక్కించుకుని, ఊరికి ఆ చివరనున్న మధురవాడ ఐటీ ఆఫీసుల దగ్గర దింపి, మధ్యాహ్నమంతా అక్కడే బేరాలు చూసుకుని, సాయంత్రం మళ్ళీ వాళ్ళను తీసుకొచ్చేవాడు.

ఫ్యాక్టరీలో మా క్రేన్ వాళ్ళకు ఒక పద్ధతి ఉండేది. క్యాబిన్ చాలా ఎత్తున ఉంటుంది. షిఫ్టు అయిపోయి దిగినవాడు అలాగే ఇంటికి పోకూడదు. నిచ్చెన మొదట్లో నిలబడి, ఎక్కబోయేవాడికి క్రేన్ సంగతి నోటితో చెప్పాలి. బ్రేకు కాస్త జారుతోందనో, ఒక వైపు వెళ్ళేటప్పుడు కుదుపు వస్తోందనో. పుస్తకంలో రాశాను చూసుకో అంటే చెల్లదు. ఎవడైనా చెప్పకుండా దిగిపోతే, మర్నాడు అదే నిచ్చెన దగ్గర అందరి ముందూ హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని "చెప్పకుండా దిగిపోయాను" అనాలి. అనేదాకా అతనితో ఎవరూ టీ తాగేవారు కాదు. ఈ విషయంలో అందరికంటే కఠినంగా ఉన్నది నేనే. ఇంట్లో జ్వరాలని తొందరపడి వెళ్ళిపోయిన ఒక పెద్దాయన చేత కూడా హెల్మెట్ తీయించాను. ఆయన బట్టతల మీది చెమట నాకింకా గుర్తుంది. ఇదంతా గొప్పగా బావకు ఎన్నిసార్లు చెప్పుకున్నానో.

స్వచ్ఛంద విరమణ తీసుకున్నాక కొన్నాళ్ళు ఇంట్లో ఊరికే కూర్చున్నాను. ఆ రోజుల్లోనే ఎలక్ట్రిక్ కార్లు చేసే కొత్త కంపెనీ ఒకటి కూర్మన్నపాలెంలో బ్యాటరీలు మార్చే స్టేషన్ పెట్టింది. పని ఏమైనా దొరుకుతుందేమోనని చూడ్డానికి వెళ్ళాను. చిన్న కారొకటి వచ్చి వేదిక ఎక్కి ఆగింది. కింద నుంచి ఉక్కు చేతులు లేచి, పరుపంత బ్యాటరీని మెల్లగా దించుకుని పక్కకు తీసుకుపోయాయి. అల్మరా లాంటి అరల్లోంచి చార్జి నిండిన ఇంకో బ్యాటరీ వచ్చి అదే చోట కూర్చుంది. నాలుగు మూలలా బోల్టులు వాటంతటవే బిగుసుకున్నాయి. డ్రైవరు తెచ్చుకున్న టీ ఇంకా చల్లారలేదు. చప్పుడు లేదు, పొగ లేదు, చేతికి మసి లేదు. టన్నుల బరువులు ఎత్తి దించడమే బతుకుగా బతికినవాణ్ణి. ఒక బరువును అంత మర్యాదగా ఎత్తి దించడం అదే మొదటిసారి చూడటం. అలసినవాడు దిగుతున్నాడు, నిద్రపోయి లేచినవాడు ఎక్కుతున్నాడు. అచ్చం మా షిఫ్టు మార్పే. నా కళ్ళు తడిశాయంటే నవ్వుతారు గానీ, తడిశాయి.

ఆ స్టేషన్లోనే ఇన్‌ఛార్జిగా చేరాను. ఆ కంపెనీ పెట్టినవాళ్ళు ముప్పై దాటని పిల్లలు. వాళ్ళు మా స్టేషన్‌కు వచ్చిన రోజున వాళ్ళతో ఫొటో దిగి, ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నాను. పెళ్ళికి వెళ్ళినా, చావుకు వెళ్ళినా బ్యాటరీ గురించే మాట్లాడేవాణ్ణి. చార్జింగ్ పెట్టి గంటలు గంటలు కూర్చోనక్కర్లేదు, బ్యాటరీ పాతబడిందన్న బెంగ లేదు, కారు మనది, బ్యాటరీ కంపెనీది. ఈ చివరి మాటలోనే ప్రమాదం ఉంది. అప్పుడు అదే గొప్పగా కనిపించింది. నా మాట విని కార్ల స్టాండులో కొందరు డ్రైవర్లు ఆ కారు కొన్నారు కూడా.

బావ తొందరగా నమ్మే మనిషి కాదు.

"ఏటి బావా, బ్యాటరీ ఆడిది, బండి నాది అంతన్నావు. రేపు ఆడు దుకానం కట్టేసి ఎలిపోతే?"

"ఎందుకెల్తాడు బావా? మదురవాడలో స్టేషనుంది, ఇక్కడ నానున్నాను. ఇంకేటి కావాల?"

"నువ్వున్నావనే బయ్యం" అని నవ్వాడు. "నీకు పెల్లి సంబందం సూసినప్పుడు కూడా పిల్లని ఇంత పొగడ్లేదు నువ్వు."

అక్క లోపలనుంచి అరిచింది. "సేతిలో ఉన్న బండి సాలదేటి మీ బావకి? నువ్వూరుకో తమ్ముడా!"

నేను ఊరుకోలేదు. నెలల తరబడి పోరి పోరి కారు కొనిపించాను. బావ కొన్నా జాగ్రత్తగానే కొన్నాడు. డీజిల్ కారు అమ్మకుండా ఇంటి పక్కన ఉంచి, కొత్తది తిప్పి చూశాడు. పొద్దున నా దగ్గర ఒక బ్యాటరీ, మధ్యాహ్నం మధురవాడలో ఇంకొకటి. బండి చక్కగా నడిచింది. బావకు కూడా దాని మీద ప్రేమ పుట్టింది. "నీల్ల మీద పడవలాగెల్తంది బావా" అనేవాడు. ఇక రెండు బళ్ళెందుకు, పాతది అమ్మేస్తానన్నాడు.

ఆ వారమే మా మేనేజరు ఫోన్ చేశాడు. మధురవాడ స్టేషన్ ఎత్తేస్తున్నారట. మిషన్ వేరే ఊరికి పోతుందట. "కస్టమర్లకు టైము చూసి మేమే చెప్తాం. మీరు ఎవరినీ కంగారు పెట్టకండి. మీ వాళ్ళకు కూడా చెప్పకండి" అన్నాడు. ఆ చివరి ముక్క బావ గురించేనని నాకు అర్థమైంది.

మధురవాడలో స్టేషన్ లేకపోతే, ఇక్కడ పెట్టిన ఒక్క బ్యాటరీతో బావ కారు వెళ్ళగలదు గానీ తిరిగి రాలేదు. అది తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు. ఆ రోజే చెప్పి ఉంటే డీజిల్ కారు ఇంటి పక్కన ఉండేది, అక్క పొయ్యి నిశ్చింతగా వెలిగేది. ఉద్యోగం పోతుందన్న భయం వల్ల నోరు మూసుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. భయం కొంత నిజమే. కానీ అంతకంటే నీచమైనది ఇంకోటి ఉంది. ఊరందరి ముందూ ఇన్నాళ్ళు పొగిడిన నోటితో "నేను చెప్పింది తప్పు" అనలేకపోయాను. ఇంకో స్టేషన్ పెడతారులే అనుకున్నాను. హాల్లో ఫొటో ఉంది కదా. అలా అనుకుంటూనే, డీజిల్ కారు సందు మలుపు తిరిగి వెళ్ళిపోతుంటే బావ పక్కన నిలబడి చూశాను.

పట్టుమని పది రోజులు గడవకముందే, ఒక మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు.

"బావా, ఇక్కడ షట్టరేసేసున్నాది. లోపల మిషనూ లేదు, గిషనూ లేదు. వాచ్‌మేన్ని అడిగితే లారీలో ఎక్కించీసారంతన్నాడు. ఏటిది?"

ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. కారును ఆటో వెనక తాడుతో కట్టి, ఊరి ఆ చివరనుంచి ఈ చివరకు లాక్కొచ్చాం. బావ స్టీరింగ్ పట్టుకుని, నేను పక్కన. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా పక్క డ్రైవర్లు తొంగి చూసేవారు. "ఏటన్నా, కరెంటు బండికి కరెంటు పోయిందేటి?" అని ఒకడు నవ్వాడు. బావ కూడా నవ్వాడు. గాజువాక దాటాక, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా అడిగాడు.

"నీకు ముందే తెలుసేటి బావా?"

"నాకేటి తెలుసు బావా" అన్నాను.

అతను తలూపాడు. నమ్మి ఊపాడో, నమ్మక ఊపాడో అప్పుడు తెలియలేదు.

కొన్నాళ్ళకు మా స్టేషన్ కూడా మూతపడింది. "మా ప్రయాణంలో భాగమైనందుకు ధన్యవాదాలు" అని ఫోన్లో మెసేజ్ వచ్చింది. బ్యాటరీలు లెక్కపెట్టుకుని పట్టుకుపోయారు, బావ కారు కింద ఉన్నదాన్ని కూడా. ఆ కారుకు వేరే బ్యాటరీ పట్టదు. ఇంట్లో చార్జింగ్ పెట్టుకునే వీలు లేదు. కొనేవాడు లేడు. అది అక్కవాళ్ళ ఇంటి పక్కనే ఉండిపోయింది. మొదట్లో బావ ఆదివారాలు దాన్ని కడిగేవాడు. తరవాత మానేశాడు. అక్క దాని టాపు మీద మిరపకాయలు ఎండబెడుతుంది. బావ ఇప్పుడు ఇంకొకరి కారుకు జీతం డ్రైవరు.

మొన్న ఆదివారం అక్కవాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. భోజనాలయ్యాక వీధిలో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. బావతో పాటు స్టాండులో ఉండే డ్రైవరొకతను వచ్చాడు. బ్యాటరీలు మార్చే బళ్ళు మళ్ళీ ఇంకో కంపెనీవి వస్తున్నాయట, తీసుకోవచ్చా అని అడగడానికి వచ్చాడు.

అక్క మిరపకాయలు తిరగేస్తూ అంది. "ఈయన్నడుగు నాయినా, బాగా సెప్తాడు. ఆశకి పోయి ఉన్న బండి అమ్ముకున్న మారాజు."

ఆ డ్రైవరు నావైపు తిరిగాడు. "మీరక్కడే పనిసేసేవోరు గదండీ. మీరైనా సెప్పలేదేటి?"

నేను నోరు తెరిచేలోపే బావ అందుకున్నాడు. "మా బావ వద్దనే అన్నాడు. అమ్మకు, ఆగు అన్నాడు. నానే ఇన్లేదు."

చాలా మామూలుగా అన్నాడు, తడుముకోకుండా. స్టాండులో ఎన్నోసార్లు అని అని అరిగిన మాటలా ఉంది. కంపెనీ మూసిన కొత్తలో నా మాట విని కార్లు కొన్న డ్రైవర్లు నన్నెందుకు వీధిలో నిలదీయలేదో అప్పుడు తెలిసింది. నేను అనాల్సిన మాటను నేను అన్నట్టుగా, అక్షరం పొల్లుపోకుండా, ఇన్నాళ్ళూ అతను మోస్తున్నాడు. నవ్వులపాలూ తనే అయ్యాడు, పెళ్ళాం చేత మాటలూ తనే పడ్డాడు. తాడు కట్టి లాక్కొచ్చిన రోజున నా జవాబు అతను నమ్మలేదు.

ఆ యంత్రం తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను. దానికి అప్పగించిన పని అది శుభ్రంగా చేసింది. బరువు ఎత్తింది, దించింది, ఏ రోజూ అబద్ధమాడలేదు.

కుర్చీలోంచి లేచి వెళ్ళి ఆ కారు పక్కన నిలబడ్డాను. హెల్మెట్ లేదు. తలకు ఎండకని కట్టుకున్న తువ్వాలు విప్పి చేత్తో పట్టుకున్నాను. బావకు వెంటనే అర్థమైంది. ఆ పద్ధతి నేను చెప్పిందే కదా. "ఏటి బావా ఇది, కూకో, కూకో" అంటూ లేవబోయాడు. అక్క మిరపకాయ చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"అక్కా, నువ్వు కూడా ఇను" అన్నాను. "నాను వద్దనలేదు. బావ అబద్దమాడతన్నాడు, నాకోసం. మదురవాడ స్టేషన్ ఎత్తేస్తారని నాకు వారం ముందే తెలుసు. డీజిల్ కారు ఎల్లిపోతంటే పక్కనే నిలబడి సూసాను. అడిగితే తెలీదన్నాను. బావా, నీది ఆశ కాదు. నువ్వు నన్ను నమ్మేవు, అంతే. నాను చెప్పకుండా దిగిపోయాను. తప్పు నాది. నన్ను క్షమించు."