ఖాళీ కనిపిస్తే కుక్కాల్సిందే

ఆఫీసులో అతన్ని కుక్కుడుబాబు అంటారు. ఖాళీ కనిపిస్తే చాలు, ఒళ్లు మండిపోతుంది. ప్రోగ్రాములో పాయింటరంటే మెమరీలో ఒక చోటికి చిరునామా. దాని పైకొసన ఉన్న కొన్ని బిట్లను, అంటే సున్నా ఒకటి అంకెలను, యంత్రం పట్టించుకోదు కదా అని వాటిలో తన గుర్తులు దూరుస్తాడు. చెవుల్లో ఎప్పుడూ పాటలు హోరెత్తుతుంటాయి. కీబోర్డును నొక్కడు, పొడుస్తాడు. పక్కవాళ్లు బిట్లు వృథాగా వదిలేస్తే బల్ల గుద్దుతాడు, కప్పులు ఎగిరిపడతాయి. ఇంట్లోనూ అంతే. నిండిన అలమరాలో ఇంకో దుప్పటి కుక్కి, తలుపును కాలితో తన్ని మూస్తాడు.

ఒకరోజు ఆఫీసుకి కొత్త యంత్రం వచ్చింది. అది ఆ పై బిట్లను కూడా చిరునామాగానే చదువుతుంది. అతని ప్రోగ్రాం మొదలవుతూనే కూలింది. మళ్లీ నడిపాడు, మళ్లీ కూలింది. "ఖాళీ జాగాయే కదరా, నీ సొమ్మేం పోయింది!" అంటూ మానిటర్‌ని పిడికిలితో గుద్దాడు. అద్దం పగిలి, చెయ్యి చీరుకుపోయి, కీబోర్డంతా నెత్తురయింది. ఆసుపత్రిలో కట్టు కట్టాక భార్య వచ్చింది. అలవాటు కొద్దీ సంచీ, హెల్మెట్టు, మందుల పొట్లం చూడకుండానే ఆమె చేతుల్లోకి తోశాడు. ఆమె అన్నిటినీ నేలకేసి కొట్టింది. హెల్మెట్టు మెట్ల మీంచి దొర్లిపోయింది. "ఖాళీగానే ఉన్నావు కదే!" అన్నాడు. ఆమె కుడిచెయ్యి అతని మొహం ముందు పెట్టింది. రెండు వేళ్లు ఉబ్బి, గోళ్ల చుట్టూ నెత్తురు గడ్డకట్టి ఉంది. "పొద్దున నువ్వు అలమరా తలుపు తన్నినప్పుడు ఇవి లోపలే ఉన్నాయి. కేక కూడా వేశాను. తలుపు పడట్లేదనుకుని నువ్వు మళ్లీ తన్నావు."