రామాంజన్న కారుకు పెట్టిన గొట్టం

రామాంజన్న లేడు.

నిన్న పొద్దున మా తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, రామాంజన్న నిద్రలోనే పోయినాడంట" అన్నాడు.

"ఏ రామాంజన్న?" అని అడిగాను. తెలిసే అడిగాను. ఇంకెవరైనా అయితే బాగుండునని.

మొన్ననే కదా ఫోన్ చేసి, కారుకు ఎయిర్ ఫిల్టర్ మార్చలేదని నన్ను అరగంట తిట్టాడు. అంత గొంతున్న మనిషి పోయాడంటే ఎలా నమ్మేది?

తెలియనివాళ్లకు చెబుతాను. బెళుగుప్పలో ఆయన ఇల్లు మా ఇంటి పక్కనే. పాత డీజిల్ అంబాసిడర్ ఒకటి బాడుగకు తిప్పేవాడు. వాన పడిన ఏడు సేద్యం, పడని ఏడు కారు. అంటే ఎప్పుడూ కారే.

ఎండాకాలంలో ఆ కారుకు మిట్ట ఎక్కాలంటే ఆయాసం. ఒకరోజు బానెట్ ఎత్తి, ఇంజన్ గాలి పీల్చుకునే మూతి దగ్గర అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు.

"పొయ్యి మీది గాలి తాగుతాందప్పా ఇది. వేడిగాలిలో దమ్ముండదు. సల్లగాలి తాపల్ల" అన్నాడు.

వాళ్ల చేన్లో నీళ్లు పడని బోరు తాలూకు నల్ల పైపు మిగిలి ఉంది. ఒక ముక్క కోసి, ఫిల్టర్ డబ్బా మూతికి తొడిగి, సైకిల్ ట్యూబుతో బిగించి, రెండో కొసను ముందు బంపర్ కిందికి దించాడు. అక్కడైతే ఎదురుగాలి చల్లగా తగులుతుందని లెక్క.

వీధంతా వచ్చి చూసింది.

"ఏమప్పా రామాంజీ, కారుకు సెలైన్ ఎక్కిస్తాండావా?" అని మా నాయన ఎకసెక్కం.

సౌండ్ మాత్రం మారింది. గుర్రుమని బొంగురుగా. పికప్ పెరిగిందో లేదో నాకిప్పటికీ డౌటే. ఆయనకు మాత్రం డౌట్ లేదు.

ఆ తర్వాతి మాఘమాసంలో కుందుర్పిలో నా పెళ్లి. అప్పటికి సెల్‌ఫోన్లు ఇంకా మా చేతికి రాలేదు. పెళ్లికొడుకు తన కారులోనే పోవాలని రామాంజన్న పట్టుబట్టాడు.

చుట్టాలంతా ముందే బస్సులో వెళ్లిపోయారు. వర్జ్యం పోయేదాకా మా నాయన నన్ను గడప దాటనివ్వలేదు. చివరికి మా నాయన, నేను, రామాంజన్న ముగ్గురం బయలుదేరాం. ముహూర్తానికి ఉన్న టైం అంతంతమాత్రం.

ఇంకో టెన్షన్ కూడా ఉంది. పెళ్లికూతురి మేనమామకు ఆ పిల్లను తన కొడుక్కు చేసుకోవాలని ఆశ. మేం లేటయితే చాలు, కొడుకును పీటల మీద కూర్చోబెట్టడానికి సిద్ధంగా ఉన్నాడని కబురు. ఆ కొడుకు కొత్త ప్యాంటు కూడా కుట్టించుకున్నాడట.

కళ్యాణదుర్గం దాటాక తారు రోడ్డు మీద ఉలవ కట్టె, కాయలతో సహా పీకి ఎండబెట్టిన మొక్కలు, పరిచి ఉంది. మా వైపు అంతే. రోడ్డే కళ్లం, వచ్చే పోయే బండ్లే నూర్పిడి మిషన్లు. కొందరు డ్రైవర్లు విసుక్కుంటారు. రామాంజన్న మాత్రం కట్టె మొత్తం చక్రాల కింద పడేలా చూసి మరీ తోలేవాడు.

ఆ రోజూ అంతే. దాటబోతుంటే ఒక ముసలమ్మ చెయ్యెత్తింది.

"నాయనా, ఇంగొకతూరి ఎనక్కొచ్చి పోప్పా. గింజ సరిగా రాల్లేదు."

రివర్స్ గేరు పడింది.

"రేయ్ రామాంజీ, పెండ్లికి పోతాండామా, ఉలవలు నూర్పను పోతాండామా?" అన్నాడు మా నాయన.

"ముసిల్ది అడిగింది గదా సిన్నాయనా. ఎంతసేపు?"

వెనక్కీ, ముందుకూ. మళ్లీ వెనక్కీ. పొట్టు పొగలాగా లేచింది. కారు రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది.

బంపర్ కింద చల్లగాలి ఉంటుందని లెక్కేసిన మనిషి, పొట్టు కూడా అక్కడే ఉంటుందని మర్చిపోయాడు. గొట్టం నిండా పొట్టే. ఫిల్టర్ డబ్బా విప్పితే, దుమ్ము పట్టుకోవడానికి అడుగున పోసే ఆయిల్ అచ్చం ఉలవచారులా ఉంది.

నాకు ఏడుపొచ్చింది. నిజంగానే. ఆ కొత్త ప్యాంటు ఒక్కటే కళ్ల ముందు ఆడుతోంది.

రామాంజన్న గొట్టం పీకి డిక్కీలో పడేశాడు. డబ్బా ఖాళీ చేసి తుడిచాడు. మా నాయన భుజం మీది కొత్త తుండు లాగాడు. నా పట్టు కండువా తీసుకోమని నేనే ఇచ్చాను.

"పట్టు వద్దప్పా, గాలి ఆడనియ్యదు. నూలు గుడ్డే గావల్ల. గాలి పోవల్ల, మట్టి పోగూడదు."

తుండును రెండు మడతలు పెట్టి డబ్బా మూతికి కట్టాడు. ముసలమ్మ, ఆమె కోడళ్లు కొంగులు బిగించి కారు తోశారు. ఇంజన్ అందుకుంది.

మేం దిగేసరికి మేళగాళ్లు మా కోసం వీధి మొగలో నిలబడి ఉన్నారు. మేనమామ వాచీ చూసుకుంటున్నాడు. తలనిండా ఉలవ పొట్టుతోనే పీటల మీద కూర్చున్నాను. తాళి కట్టేటప్పుడు నా భార్య మొదటిసారి నా ముఖం చూసి నవ్వింది. ఆ నవ్వు పొట్టుకేనని తర్వాత చెప్పింది.

రామాంజన్న ఆఖరి పంక్తిలో తిన్నాడు. అప్పటిదాకా బానెట్ కిందే ఉన్నాడు. తర్వాత గొట్టం మూతిని పైకి, హెడ్‌లైట్ వెనక్కి మార్చి, జల్లెడ ముక్క బిగించాడు.

"సల్లగాలీ కిందే, మట్టీ కిందే. మనకు పనికొచ్చే గాలి నడుమ యాడో ఉంటాది. ఎతుక్కోవల్ల" అని మా ఆవిడకు శ్రద్ధగా పాఠం చెప్పాడు. పెళ్లయిన రోజు సాయంత్రం, కొత్త పెళ్లికూతురికి. ఆమె ఇవాళ పొద్దున అది తలచుకుని నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది.

నిన్న ఫోన్ రాగానే పట్నం నుంచి బెళుగుప్పకు బయలుదేరాం. మంచి కారు, మంచి రోడ్డు. ఎక్కడా ఆగలేదు.

మేం చేరేసరికి మట్టి వేసేశారు.

నా ముహూర్తానికి నన్ను అందించావు. నీ చివరి చూపు నాకు అందలేదన్నా.

ఇక ఎవరూ నిన్ను లేపి బాడుగకు పిలవరు. హాయిగా పడుకో రామాంజన్నా.